ఇతిహాసముగా చదువదగిన హీబ్రూ గ్రంథము

విరుదునగరమునుండి శివకాశికి పోవు త్రోవలో, వానకు మొగము వాచిన నేలల నడుమ, తిరుత్తంగల్ అను ఊరు కలదు. కొండపై వెలసిన నిన్ఱనారాయణ పెరుమాళ్ళ కోవెల మూలమున అది 108 దివ్యదేశములలో నొకటిగా వైష్ణవులకెల్ల పరిచితము. అగ్గిపెట్టెలు, బాణసంచా, అచ్చుపని అను మూడు వృత్తులతో బ్రదుకు శివకాశికి ఆనుకొనియుండుటచేత వర్తకులకును పరిచితమే. సాహిత్యాభిమానికి మాత్రము ఈ ఊరితో గల చుట్టరికము వేరు. ఇళంగో అడిగళ్ రచించినదని ప్రసిద్ధి గన్న శిలప్పదికారములో, మధుర తగులబడిన పిమ్మట, ఆ నగరదేవత కథానాయిక కణ్ణగికి ఎదురై పాండ్యుల న్యాయవర్తనమును గూర్చి చెప్పిన కథలలో నొకటి ఈ తంగాలులోనే జరిగినది.

చేరరాజుచేత ధనకనకములు బహుమానముగా పొంది చోళదేశమునకు మరలుచున్న పరాశరుడను విప్రుడు ఇచ్చట రావిచెట్ల నీడలో విశ్రమించి, ఆడుకొనుచున్న బాలురను తనతోకూడ వేదము వల్లింపుడని పిలిచెను. వార్తికుని కుమారుడు దక్షిణామూర్తి, ఇంకను పాలవాసన వీడని పసివాడు, తొట్రుపాటు లేక స్వరము కలుపగా, ఆయన మురిసి ఆ బాలునకు యజ్ఞోపవీతమును, ఆభరణములును, తన మూటయు నిచ్చి వెడలిపోయెను. పేదయింట బంగారము మెఱయుట చూచి ఓర్వలేని రాజోద్యోగులు, రాజునకు చెందవలసిన నిక్షేపమును కాజేసినాడని వార్తికుని చెఱసాలలో పెట్టిరి. అతని యిల్లాలు కార్తిక నేలబడి పొరలి యేడ్చెను. అమ్మవారి కోవెల తలుపులు మూతపడి ఎంతకును తెఱచుకొనవాయెను. రాజు విచారింపగా అన్యాయము బయటపడినది. ఆయన వార్తికుని విడిపించి, తంగాలును వయలూరును అతని కిచ్చి, నేలపై సాగిలబడి మన్నింపు వేడుకొనెను. అప్పుడు తెఱచుకొన్న తలుపుల చప్పుడు మధుర వీథులన్నిటను వినవచ్చినదట.

ఈ కథకు తోబుట్టువు వంటి కథ హీబ్రూ ప్రాచీన గ్రంథములలో, రాజుల చరిత్రమున, ఒకటి కలదు. యెజ్రెయేలు పట్టణములో రాజనగరునకు ప్రక్కనే నాబోతు అనువానికి ద్రాక్షతోట యుండెను. అహాబు రాజు దానిని కూరతోటగా చేసికొన దలచి అడుగగా, తాతతండ్రుల సొత్తు ఇయ్యనని నాబోతు చెప్పెను. రాజు ఇంటికి వచ్చి, మంచముపై మొగము త్రిప్పుకొని, అన్నము మానివేసి పరుండెను. రాణి యెజెబెలు రాజముద్రతో జాబులు వ్రాయించి, ఇద్దఱు కూటసాక్షులను నిలిపి, నాబోతును రాళ్ళతో కొట్టించి చంపించెను. తోటను స్వాధీనము చేసికొనుటకు రాజు దిగివచ్చిన వేళ, ఆ తోటలోనే ఏలీయా ప్రవక్త ఎదురుపడెను. పాండ్యుడు సాగిలబడెను; అహాబు గోనెపట్ట కట్టుకొని తల వంచుకొని తిరిగెను. ఒకచోట మూతపడిన కోవెల తలుపు, మఱియొకచోట పిలువకయే వచ్చిన ప్రవక్త: రాజదండమునకు పైని మఱియొక దండము కలదని చాటుటకు ఇద్దఱు కవులును ఎన్నుకొన్న సాధనములు వేఱైనను, పేదవాని యింటిపై పడిన రాజదృష్టిని చూచి వారు పొందిన వేదన ఒక్కటే.

ఇప్పుడు నేను చెప్పదలచిన మాట ఇది. ఇళంగో జైనముని యని సంప్రదాయము చెప్పుచున్నది; అయినను కణ్ణగి కొఱకు కన్నీరు పెట్టుటకు ఎవ్వడును జైనుడు కానక్కఱలేదని తమిళదేశమున ప్రతి చదువరికిని తెలియును. ఈ స్వాతంత్ర్యమును మనము హీబ్రూ గ్రంథమునకు ఇంతవఱకు ఇయ్యలేదు. అది క్రైస్తవులకు ఆరాధనగ్రంథమై వేదికపై నిలిచియున్నది. ఇతరులకు అది పొరుగువారి మతగ్రంథమై, చేత తాకినచో ఏమగునో యను శంకకు గుఱియైనది. నడుమ నష్టపోయినది సాహిత్యము. సుమారు వేయి యేండ్ల కాలమున పెక్కుచేతులమీదుగా రూపొందిన ఆ 24 గ్రంథములను, క్రైస్తవులు 39గా లెక్కించు వానిని, రామాయణ భారతముల సరసన కూర్చుండబెట్టి ఇతిహాసముగా చదువుట మనకు తగిన పని యనియు, ఆ పనికి వలసిన చెవి మన తెలుగువారికి పుట్టుకతోనే వచ్చినదనియు నా దృఢవిశ్వాసము.

పవిత్రగ్రంథమును కావ్యముగా చదువుట దానిని తక్కువ చేయుట గాదా యని కొందఱు భక్తులు బాధపడుదురు. ఆ బాధ నిజమైనదే. తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ఈ ప్రశ్నకు సమాధానము మన సారస్వతపు గడపలోనే లభించుచున్నది. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ప్రేరణచే భారతము తెనిగింప పూనిన నన్నయభట్టు, గ్రంథారంభముననే, ఆ ఒక్క భారతమును ధర్మజ్ఞులు ధర్మశాస్త్రమనియు, వేదాంతులు వేదాంతమనియు, కవులు మహాకావ్యమనియు, ఐతిహాసికులు ఇతిహాసమనియు ఎట్లు కొనియాడుదురో వరుసగా చెప్పియున్నాడు. ఎవరి చూపు ఎవరి చూపునకును అడ్డు రాలేదు. అంతకు పూర్వమే కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకపు కడపటి ఉద్ద్యోతమున, శాస్త్రచ్ఛాయయు కావ్యచ్ఛాయయు గల భారతమునందు మోక్షము పరమపురుషార్థముగను, శాంతము ప్రధానరసముగను వివక్షితములని నిరూపించెను. శాస్త్రముగా పూజింపబడు గ్రంథమున రసమేదియని అడుగుట అపచారమని ఆ మహాలాక్షణికునకు తోచలేదు. పైపెచ్చు, ఆ రసము నెఱుగనివానికి ఆ శాస్త్రమును పూర్తిగా తెలియదని నాకు తోచును. దావీదు కథలో రసమేదియని మనము అడుగునప్పుడు ఆ మార్గముననే నడచుచున్నాము.

తెలుగువారికి ఈ చెవి ఎక్కడిదని అడుగువారికి, తిరుత్తంగలునకు దక్షిణముగా కోవిల్పట్టి, ఎట్టయపురముల వఱకు వ్యాపించిన నల్లరేగడి సీమను చూపవలెను. ఇచ్చట కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు మొదలగు పలు కులములవారు శతాబ్దములుగా ఇంట తెలుగు పలుకుచు, బయట తమిళము పలుకుచు జీవించుచున్నారు. 1799లో కయత్తారులో ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన కంబళ నాయకుడే. ఆ కంబళవారి వలసకథ మెకంజీ వ్రాతప్రతులలోను, 1906 నాటి మధుర జిల్లా గెజెటీరులోను చోటు చేసికొన్నది. తుంగభద్రకు ఉత్తరమున నివసించుచుండిన తమ పూర్వులు, తమ ఆడుబిడ్డలపై కన్నువేసిన పాలకుల బాధ పడలేక ఒక రాత్రి మూకుమ్మడిగా దక్షిణమునకు పరుగిడిరనియు, వెనుక సైన్యము తఱుముచుండ ముందు లోతైన యేఱు అడ్డగించెననియు, ఇక చావే గతియని నిలిచిన వేళ రెండు గట్లమీది కానుగచెట్లు ముందునకు వ్రాలి, నడుమ కలిసికొని, వంతెనయై వారిని దాటించి, తఱుమువారు వచ్చులోపల మరల నిటారుగా నిలిచెననియు వారు చెప్పుకొందురు. వారి పెండ్లిపందిళ్ళు కానుగకఱ్ఱతో వేయుట అందువలననే.

నిర్గమకాండమున ఎఱ్ఱసముద్రము పాయలైన కథను ఈ జనులకు ఎవరు వివరింపవలెను? వెనుక రథములు, ముందు నీరు, నడుమ పిల్లాపాపలతో మందలతో నిలిచిన జనసమూహము: ఇది వారి తాతల కథయే. అక్కడ రాత్రి యెల్ల వీచిన తూర్పుగాలి. ఇక్కడ వంగిన కానుగ. ఒక జాతి తాను జాతి యైన క్షణమును జ్ఞాపకముంచుకొను విధమిది. దీనిని ఇతిహాసమనక మఱేమందుము? కోవిల్పట్టి దాపున ఇడైసేవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, ఈ వలసకథనే తమిళమున 'గోపల్ల గ్రామం' (1976) నవలగా వ్రాసి, దానిని నూఱేండ్లు దాటిన మంగతాయారమ్మ యను ముదుసలి నోట పలికించినాడు. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమి బహుమానము వచ్చినది. ముళ్ళడవిని తగులబెట్టి సేద్యపునేలగా మార్చిన ఆ వలసజనుల కథ చదివినవాడు, కనానునకు నడచిన పండ్రెండు గోత్రముల కథను పరాయిదిగా భావింపజాలడు. గుంటూరు సీమలో చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, యెఫ్రాయీము గోత్రపు వారసులమని చెప్పుకొను తెలుగు కుటుంబములు తమ ప్రార్థనామందిరము నిలుపుకొని యూదాచారమును పాటించుచున్నవి. దూరదేశపు ఇతిహాసము తమదేయని కొందఱు తెలుగువారికి తోచినది గదా.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట నా విధి. కంబళవారి కథలో తఱుమువారు తురకలు. నిర్గమకథలో తఱుమువారు ఐగుప్తీయులు. ఇతిహాసముగా చదువువాడు ఆ కథలను నేటి పొరుగువారిపై దావా వేయుటకు దస్తావేజులుగా ఎత్తికొనరాదు. ఇతిహాసమున తఱుమువాడు భయమునకు రూపము. అతని మతమును పట్టుకొని నేడు ఎవరినో ద్వేషించువాడు కథను వినలేదన్నమాటయే.

ఈ గ్రంథమును కావ్యదృష్టితో చూచుట మన సీమకు క్రొత్తయు గాదు. ఇటలీలో 1680లో పుట్టి, వీరమామునివరని తమిళులచే గౌరవింపబడిన బెస్కీ పాదిరి, 18వ శతాబ్ది తొలిభాగమున కోవిల్పట్టి సమీపపు కామనాయక్కన్‌పట్టిలో కొంతకాలము పనిచేసెను. ఆయన 'తేంబావణి' 36 పటలములలో 3,615 పద్యముల మహాకావ్యము; మరియ భర్తయైన యోసేపు చరిత్ర దాని వస్తువైనను, పాతనిబంధన కథలు అందు విరివిగా పొదుగబడినవి. తెలుగున పింగళి ఎల్లనార్యుడు, తోబీతు అను యూదభక్తుని కథను 'తోభ్యా చరిత్రము'గా ప్రబంధరీతిని రచించెను. ఆ తోబీతు కథ ఖండములే ఇరువదవ శతాబ్దిలో మృతసముద్రపు గుహలలో అరమేయ, హీబ్రూ భాషలలో బయల్పడినవి. ఈ కవులకు నమస్కరించుచునే ఒక మాట చెప్పవలసియున్నది: దేశవర్ణనముతో, నగరవర్ణనముతో ఆరంభించి యూదయ దేశమున వరిపొలములు పండించిన బెస్కీ కావ్యము మనోహరమే కాని, హీబ్రూ కథనమునకు ప్రాణమైన ఆ దిగంబరత్వము అందు నగల మాటున దాగిపోయినది.

ఆ దిగంబరత్వమే మనకు క్రొత్త పాఠము. దండి మహాకావ్యమునకు విధించిన నగరార్ణవశైలర్తు వర్ణనలు అచ్చట లేవు. అబ్రాహాము కుమారుని బలియిచ్చుటకు మోరీయాకు మూడు దినములు నడచినాడు. ఆ మూడు దినములలో ఎండ యెట్లున్నదో, తండ్రి గుండె యేమైనదో కవి ఒక్క మాటయు చెప్పడు. కట్టెలు కొడుకు భుజముపై, నిప్పును కత్తియు తండ్రి చేత. కొడుకు ఒక్క ప్రశ్న వేయును: గొఱ్ఱెపిల్ల యెక్కడ? తండ్రి ఒక్క జవాబు చెప్పును. ఆ సంభాషణకు ముందును వెనుకను, ఇద్దఱు కలిసి నడచిరను అదే వాక్యము మరల మరల వచ్చును. మొదటిసారి అది ప్రయాణవార్త, రెండవసారి చదువునప్పుడు గొంతు పెగలదు. యుద్ధకాలమున ఇస్తాంబూలులో ప్రవాసియై యుండిన జర్మను పండితుడు ఎరిక్ ఆవర్బాక్, 1946లో ప్రకటించిన 'మిమేసిస్' గ్రంథపు మొదటి ప్రకరణమున ఈ ఘట్టమునే హోమరు కథనముతో పోల్చి, గ్రీకుకవి సమస్తమును వెలుగులో పెట్టగా హీబ్రూకవి నేపథ్యమును చీకటిలో నిలిపెనని విశదపఱచినాడు. మనవారు ధ్వని యని చెప్పినది ఇదియే. కథనమంతయు వచనము; భావము కట్టలు త్రెంచుకొన్న చోట, సముద్రము దాటిన గట్టున, దెబోరా జయభేరి వద్ద, సౌలు యోనాతానుల మరణమునందు, పద్యము పెల్లుబుకును. చంపువునకు అలవాటుపడిన తెలుగుచెవికి ఈ నడక కష్టము కానేరదు. సూర్యుడు నిలిచిపోయిన ఘట్టమునకును, దావీదు శోకగీతమునకును యాషారు గ్రంథమును ఆకరముగా పేర్కొనుట చూడగా, ఇప్పుడు నశించిన గేయసంపుటములు వీరి వెనుక నుండెనని తెలియుచున్నది.

నన్నడిగినచో, ఈ వాఙ్మయమున శిఖరము సమూయేలు రెండవ గ్రంథములోని అబ్షాలోము వధ. తండ్రిపై తిరుగుబాటు చేసిన కొడుకును బ్రదికించుడని సేనానుల నందఱను బ్రతిమాలి పంపి, వృద్ధుడైన దావీదు రెండు గుమ్మముల నడుమ కూర్చుండియుండును. గుమ్మముమీది కావలివాడు ఒంటరిగా పరుగెత్తివచ్చు మనుష్యుని చూచి కేకవేయును. వెనుక మఱియొకడు కనబడును. మొదటివాడు వచ్చి జయము జయమని మ్రొక్కును. రాజు జయమును గూర్చి అడుగడు. చిన్నవాడు క్షేమమా యని యడుగును. ఆ వచ్చినవాడు నిజము చెప్పలేక, ఏదో గందరగోళము చూచితినని ప్రక్కకు తొలగును. రెండవవాడు వచ్చి మరల జయవార్తయే చెప్పును; రాజు మరల ఆ ప్రశ్ననే యడుగును. ఈసారి జవాబు వచ్చును. గుమ్మముపైనున్న గదికి ఎక్కుచు, కొడుకు పేరును, నా కుమారుడా యను పిలుపును తప్ప వేఱుమాట రాక, నీకు బదులు నేను చచ్చిన బాగుండునని ఆయన విలపించును. యుద్ధభూమికి దూరముగా కూర్చుండి సంజయునినోట కొడుకుల చావు వినిన ధృతరాష్ట్రుడు మనకు జ్ఞప్తికి వచ్చును. అయితే ధృతరాష్ట్రుని శోకము ఉక్కుభీముని కౌగిట నలిపి పిండిచేసినది. దావీదు శోకము తన ప్రాణమునే మార్పిడికి పెట్టినది. ఈ ఇద్దఱు తండ్రులను ఒక్కచోట నిలిపి చూచిన పాఠకునకు భారతమును మునుపటికన్న లోతుగా తెలియును.

యెహోషువ గ్రంథమున పట్టణములకు పట్టణములే కత్తిపాలగుట చదివి మనసు విఱిగినవారు కలరు. ఆ విఱుగుట న్యాయమైనదే. ఖాండవదహనము చదివినప్పుడును మనసు విఱుగవలెను. కాని ఆ వాఙ్మయముననే, మిక్కిలి ప్రాచీనమని పండితులెంచు దెబోరా గేయము చివర, హతుడైన శత్రుసేనాని సీసెరా తల్లి కిటికీకడ నిలిచి, కొడుకు రథమింకను రాలేదేమని ఎదురుచూచు దృశ్యము కలదు. విజేతల పాటలో అది ఎగతాళిగానే పాడబడినది. అయినను ఆ తల్లిని కిటికీకడ నిలిపిన క్షణమే కవి తన పక్షమును దాటిపోయెను. వినువాని హృదయము ఆమెవైపు పోకుండ ఆపుట ఆ గాయని తరము కాలేదు. గాంధారీ విలాపమును తిక్కనవలన వినిన మనకు ఈ రహస్యము తెలియును.

ఇక ఆచరణము. ఈ కథలు మనకు చేరుచున్న తీరు మిక్కిలి శోచనీయము. శివకాశి యంత్రములపై అన్ని మతముల దేవుళ్ళును కాలెండర్లయి వెలువడుచున్నారు. అందు క్రైస్తవుల కాలెండరులో ఒక్కొక్క వాక్యము త్రుంపి వేయబడును. ఉపన్యాసములందును వాక్యమునకు వాక్యమే వేఱుచేసి చెప్పుట అలవాటైనది. ఆదరణకు అది చాలును, కథకు చాలదు. నేడు మనము చూచు అధ్యాయవిభాగము 13వ శతాబ్దమున ఐరోపాలో కుదిరినది, కవులది కాదు. దావీదు విలాపమే అందుకు నిదర్శనము: తెలుగు బైబిలులో అది 18వ అధ్యాయపు చివరి వాక్యము, హీబ్రూ ప్రతులలో 19వ అధ్యాయపు తొలి వాక్యము. ఆ గీత ఎచ్చట గీచినను కథ తెగును. అంకెలును నిలువుపట్టీలును లేక, నవలవలె ఏకధాటిగా, ఆదికాండమును, సమూయేలు గ్రంథములను ప్రత్యేక సంపుటములుగా మన ప్రకాశకులు అచ్చొత్తవలెను. మన విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలు వానిని తులనాత్మక పఠనమునకు స్వీకరింపవలెను.

నల్లరేగడి సీమ తెలుగువారికి అచ్చుపుస్తకమొకటియే చాలదు. అనేకులకు తెలుగు మాటయే గాని తెలుగు అక్షరము రాదు. బడిలో వారు నేర్చినది తమిళము. వీరికి చదివి వినిపింపవలెను. అందు లోపమేమియు లేదు. నెహెమ్యా గ్రంథమున ఎజ్రా శాస్త్రి నీటిగుమ్మము ఎదుటి మైదానమున, ప్రొద్దుపొడిచినది మొదలు మధ్యాహ్నము వఱకు, నిలుచున్న స్త్రీపురుషులకు ధర్మగ్రంథమును చదివి వినిపించెననియు, లేవీయులు అర్థము చెప్పుచుండిరనియు, జనులు వినుచు ఏడ్చిరనియు వ్రాయబడియున్నది. రామాయణ పఠనము, విల్లుపాట, హరికథ వినిన ఊళ్ళకు ఇది వింత కాబోదు. చర్చి ఆవరణయైనను సరే, రావిచెట్టు అరుగైనను సరే, గ్రంథాలయపు వరండాయైనను సరే, మంచి కంఠము గల చదువరి యొకడు ఒక రాత్రి సమూయేలు రెండవ గ్రంథమును 13వ అధ్యాయమునుండి అందుకొనవలెను. అందఱును విలాపముకడ ఆగుదురు, ఆగరాదు. కథ ఆగలేదు. దావీదు సేనాని యోవాబు ఇంటిలోనికి వచ్చి, ప్రాణములొడ్డి నిన్ను కాపాడినవారికి తలవంపులు తెచ్చితివి, లేచి వారితో మాటలాడకున్నచో రాత్రికి ఒక్కడును నీతో నిలువడని రాజును గద్దించును; దావీదు లేచి వచ్చి గుమ్మమున కూర్చుండును; జనులు ఆయన యెదుటికి వత్తురు. తండ్రిని రాజు మరల కప్పివేసిన ఆ వాక్యము వఱకు చదివి, చదువరి అక్కడ పుస్తకము మూసి, యోవాబు చేసినది సరియేనా యని సభవారిని అడుగవలెను. కట్టబొమ్మన కథ విని పెరిగిన మా ఊరి పెద్దలు ఆ ప్రశ్నపై తెల్లవారువఱకు వాదింపగలరు.